లెన్స్ లోపాలు: ఏది సాఫ్ట్‌వేర్‌తో పోతుంది, దేనికి మంచి లెన్స్ కావాలి? విశాఖలోనే పరీక్షించి తేల్చుకునే పద్ధతి

"ఫోటో మూలలు నల్లగా వస్తున్నాయి, లెన్స్ మార్చేయాలా?" అని ఒకరు అడుగుతారు. "లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కు పెడితే అన్నీ పోతాయిగా, అంత డబ్బు పోసి ఖరీదైన లెన్స్ ఎందుకు?" అని ఇంకొకరు. ఇద్దరికీ చెప్పేది ఒకటే. మీ ఫోటోలో ఉన్న లోపం ఏ రకమో ముందు తేల్చుకోండి, డబ్బు సంగతి తర్వాత.

లోపాలు రెండు రకాలు. మొదటి రకంలో కాంతి తన చోటు నుంచి పక్కకు జరుగుతుంది, లేదా తక్కువగా పడుతుంది. ఎంత జరిగిందో, ఎంత తగ్గిందో లెక్క తెలిస్తే సాఫ్ట్‌వేర్ వెనక్కి జరపగలదు, పెంచగలదు. రెండో రకంలో ఒక చుక్కలో పడాల్సిన కాంతి చుట్టుపక్కల పిక్సెళ్లలోకి పాకి, అక్కడున్న కాంతితో కలిసిపోతుంది. పాలలో కలిసిన నీళ్లను వేరు చేయలేనట్టే దీన్నీ పూర్తిగా వెనక్కి తీయలేం. అక్కడ పని చేసేది అపర్చర్ (లెన్స్ లోపల కాంతి వెళ్లే రంధ్రం), హుడ్ (పక్క వెలుగును ఆపే తొడుగు), లేదా మెరుగైన గాజు, అంటే మంచి లెన్స్.

కింది పరీక్షలు ఒక ఉదయం, ఒక రాత్రి చాలు. ఖరీదైన టెస్ట్ చార్టులు అక్కర్లేదు. మన ఊళ్లో సముద్రం ఉంది, కొబ్బరిచెట్లున్నాయి, వీధిదీపాలున్నాయి.

1. ముందు అది లోపమా, మురికా చూడండి

విశాఖలో లెన్స్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఉప్పు. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో గంటసేపు తిరిగితే ముందు అద్దం మీద పల్చటి పొర పేరుకుంటుంది. మామూలుగా చూస్తే కనబడదు. ఫోటో మాత్రం పాలిపోతుంది, దీపాల చుట్టూ మసక వలయాలు వస్తాయి. దీన్ని ఫ్లేర్ (ఎదురు వెలుగు లెన్స్ లోపల చెదరడం) అనుకుని లెన్స్ అమ్మేసేవాళ్లు కూడా ఉన్నారు.

రెండో అనుమానితుడు ఏసీ. చల్లటి గదిలోంచి లెన్స్‌ను నేరుగా బయటి ఉక్కలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. కెమెరాను జిప్ వేసిన బ్యాగులోనే అరగంట ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీయండి.

మూడోది ఫంగస్. మొబైల్ టార్చిని లెన్స్ వెనక నుంచి వేసి, ముందు వైపు నుంచి కాస్త పక్కవాటుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే పరీక్షలు ఆపి సర్వీసుకు ఇవ్వండి. ఆలస్యమైతే ఫంగస్ కోటింగ్‌ను తినేస్తుంది, ఆ తర్వాత తుడిచినా మచ్చ ఉండిపోతుంది.

శుభ్రం చేసే వరుస:

☐ ముందు బ్లోయర్‌తో ఊదండి. ఉప్పు, ఇసుక రేణువులు ఉండగా గుడ్డ తగిలిస్తే గీతలు పడతాయి.
☐ మెత్తటి బ్రష్‌తో అంచులు దులపండి.
☐ లెన్స్ క్లీనింగ్ ద్రవాన్ని గుడ్డ మీద రెండు చుక్కలు వేసి తుడవండి, అద్దం మీద నేరుగా పోయకండి.
☐ వెనక అద్దం కూడా చూడండి. దాని మీది వేలిముద్ర ఫోటోకు ఎక్కువ చేటు.
☐ ఫిల్టర్ ఉంటే తీసేయండి. పరీక్ష లెన్స్‌కు, ఫిల్టర్‌కు కాదు.

2. కెమెరా సెట్టింగులు

☐ ఫైల్: రా (సెన్సర్ ఇచ్చిన, దిద్దని ఫైల్). జేపెగ్‌లో తరచూ కెమెరా ముందే దిద్దేసి ఉంటుంది, అసలు లెన్స్ ఎలా ఉందో తెలియదు.
☐ ఐఎస్ఓ (కాంతికి సున్నితత్వం): 100 లేదా మీ కెమెరాలో కనీసం.
☐ ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆఫ్.
☐ ఫోకస్: లైవ్ వ్యూలో పెద్దది చేసి చూసి పెట్టండి.
☐ ప్రతి పరీక్షకూ కనీసం రెండు ఫోటోలు: ఒకటి అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒకటి ఎఫ్/8లో (ఎఫ్ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది).
☐ జూమ్ లెన్స్ అయితే వెడల్పు చివర, మధ్య, టెలీ చివర. కెమెరాతో వచ్చే కిట్ 18-55 ఎంఎం లెన్స్ 18లో చేసే తప్పు 35లో చేయదు.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా వాడేవాళ్లకు ఒక మెలిక. చాలా లెన్సుల సవరణ వివరాలు రా ఫైల్‌లోనే దాగి ఉంటాయి, లైట్‌రూమ్ వాటిని అడక్కుండానే అమలు చేస్తుంది. అసలు రూపం చూడాలంటే ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనో రాథెరపీలోనో లెన్స్ కరెక్షన్ ఆపి తెరవండి. కెనాన్ ఆర్ఎఫ్ 16 ఎంఎం ఎఫ్/2.8 లాంటి చవక వైడ్ లెన్స్‌ను అలా తెరిస్తే వంపు చూసి గుండె జారుతుంది. జారనక్కర్లేదు. డిజైనర్ తెలిసే ఆ వంపును సాఫ్ట్‌వేర్‌కు వదిలేసి, సైజు, ధర తగ్గించాడు. అలాంటి లెన్స్‌ను దిద్దిన తర్వాతి ఫోటో మూల చూసి అంచనా వేయాలి, దిద్దకముందు ఫోటో చూసి కాదు.

3. పరీక్షలు

3.1 వంపు: సముద్రపు గీత

బీచ్‌లో నిలబడి సముద్రం, ఆకాశం కలిసే గీతను ఫ్రేమ్ పై అంచుకు దగ్గరగా పెట్టి ఒక ఫోటో తీయండి. తర్వాత కింది అంచుకు దగ్గరగా ఇంకొకటి. మధ్యలో మాత్రం పెట్టకండి. లెన్స్ ఎంత చెత్తదైనా కేంద్రం గుండా వెళ్లే గీత సరళంగానే వస్తుంది. "నా లెన్స్‌లో వంపే లేదు" అనేవాళ్లలో చాలామంది పరీక్షించింది ఇలాగే.

పై అంచు దగ్గరి గీత మధ్యలో పైకి ఉబికితే బారెల్ వంపు. మధ్యలో కిందికి కుంగితే పిన్‌కుషన్. మధ్యలో ఉబ్బి, చివర్లలో మళ్లీ పైకి తిరిగితే మీసం వంపు. ఈ మూడోదే తంటా, ఒక్క స్లయిడర్‌తో పోదు. (ఎదురుగా ఉంది కదా అని కురుసుర జలాంతర్గామిని కొలబద్దగా పెట్టుకోకండి. దాని ఒళ్లే వంపు.)

3.2 మూలల నలుపు: మబ్బు పట్టిన ఆకాశం

సమంగా మబ్బు పట్టిన రోజు కెమెరాను నేరుగా పైకెత్తి, ఫోకస్ దూరానికి పెట్టి తీయండి. ఎండ రోజైతే లెన్స్ ముందు పాలరంగు ఆక్రిలిక్ రేకు అడ్డం పెట్టండి. కంప్యూటర్‌లో ఎక్స్‌పోజర్ స్లయిడర్‌ను ఎంత పెంచితే మూల మధ్యభాగమంత వెలుగుకు వస్తుందో, అదే మీ లెన్స్ లోటు. ఎన్ని స్టాపులో (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) రాసుకోండి, ఈ అంకె ముందు ముందు కావాలి.

3.3 రంగు అంచులు: కొబ్బరాకు, న్యూస్‌పేపర్

ఇవి రెండు వేర్వేరు జబ్బులు, పైకి ఒకేలా కనబడతాయి. విడదీయకపోతే మందు తప్పు పడుతుంది.

తెల్లటి ఆకాశం మీద కొబ్బరాకులు ఫ్రేమ్ మూలలో వచ్చేలా ఎఫ్/8లో తీసి, 200 శాతానికి పెంచి చూడండి. ఆకు ఈనెకు ఒక పక్క ఎర్రటి గీత, అవతలి పక్క ఆకుపచ్చో నీలమో గీత కనబడి, ఫోటో మధ్యకు వచ్చేసరికి మాయమైతే అది పార్శ్వ క్రోమాటిక్ ఎబరేషన్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కో సైజులో పడ్డాయన్నమాట. అపర్చర్ తగ్గించినా ఇది అలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం చిటికెలో పని.

ఇప్పుడు న్యూస్‌పేపర్‌ను బల్ల మీద పరిచి, కెమెరాను ఏటవాలుగా పెట్టి, పేజీ మధ్య వరుస మీద ఫోకస్ చేసి అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. ఫోకస్‌కు ఇవతలి అక్షరాలకు ఊదా ఛాయ, అవతలి వాటికి ఆకుపచ్చ ఛాయ వస్తే అది అక్షీయ రకం. ఎఫ్/4కు తగ్గిస్తే చాలావరకు పోతుంది. దీన్ని సాఫ్ట్‌వేర్ దిద్దదు, రంగును వెలిసిపోయేలా చేసి దాస్తుందంతే.

3.4 మూలల పదును: మేడ మీద నుంచి

తెల్లవారాక ఎండ ఎక్కకముందే చేయండి. తర్వాతైతే వేడిగాలి అలలు దూరపు వస్తువులను కరిగించేస్తాయి, నింద లెన్స్ మీద పడుతుంది.

డాబా మీద నుంచి దూరంగా ఉన్న అపార్ట్‌మెంట్ కిటికీ గ్రిల్ ఒకటి ఎంచుకోండి. మధ్యలో ఫోకస్ చేసి లాక్ చేయండి. అదే గ్రిల్ ఒక్కోసారి ఒక్కో మూలలోకి వచ్చేలా నాలుగు ఫోటోలు తీయండి. ఫలితాన్ని ఇలా చదవాలి:

☐ నాలుగు మూలలూ సమానంగా మెత్తబడి, ఎఫ్/8లో బాగుపడితే మామూలే. చాలా లెన్సులు ఇంతే.
☐ మూలలో మళ్లీ ఫోకస్ చేస్తే మూల పదునెక్కి మధ్య మెత్తబడితే ఫోకస్ తలం వంగి ఉంది. ల్యాండ్‌స్కేపుల్లో మధ్యకు, మూలకు నడుమ ఫోకస్ చేసి ఎఫ్/8 వాడితే సర్దుకుంటుంది.
☐ ఒక మూలో ఒక పక్కో మిగతా వాటికన్నా స్పష్టంగా మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగింది. దీన్ని డీసెంటరింగ్ అంటారు.

మూడోది తేలితే సాఫ్ట్‌వేర్ తెరవకండి. కొత్త లెన్స్ అయితే రిటర్న్ గడువు లోపల మార్చుకోండి, పాతదైతే సర్వీస్ సెంటర్‌కు పంపండి. అందుకే కొన్న వారంలోనే ఈ పరీక్ష చేయమంటాను. ఖరీదైన లెన్సులకు కూడా ఇది వస్తుంది.

3.5 కోమా: రాత్రి దీపాలు

అపర్చర్ పూర్తిగా తెరిచి, మూలలో వీధిదీపాలు వచ్చేలా తీయండి. చుక్కలు రెక్కలు విప్పిన పక్షుల్లా సాగితే అది కోమా. లంగరేసిన ఓడల దీపాలతో ఈ పరీక్ష చేయకండి. ఓడ ఊగుతుంది, ఎక్స్‌పోజర్ సాగే కొద్దీ ఏ లెన్స్‌లోనైనా దీపం గీతగా వస్తుంది.

3.6 ఫ్లేర్: సూర్యోదయం

మనకు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి తెల్లవారి బీచ్ ఫోటోలన్నీ దాదాపు ఎదురెండవే. సూర్యుణ్ణి ఫ్రేమ్ బయట ఉంచి ఒక ఫోటో తీసి, లెన్స్ మీద నీడ పడేలా చేయి అడ్డం పెట్టి ఇంకొకటి తీయండి. రెండోది గాఢంగా వస్తే మీక్కావలసింది కొత్త లెన్స్ కాదు, హుడ్.

4. తీర్పు

సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి: బారెల్, పిన్‌కుషన్ వంపులు, పార్శ్వ రంగు అంచులు, రెండు స్టాపుల లోపు మూలల నలుపు. ప్రొఫైల్ (ఆ లెన్స్ లోపాల కొలతలున్న ఫైల్) ఉంటే మీసం వంపు కూడా.

అపర్చర్‌తో సర్దుకోండి: మూలల మెత్తదనం, అక్షీయ రంగులు, కోమా. అయితే ఎఫ్/16, ఎఫ్/22 దాకా వెళ్లకండి. డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నటి రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం వల్ల, ఫోటో అంతా మెత్తబడుతుంది, సెన్సర్ మీది దుమ్ము చుక్కలుగా బయటపడుతుంది.

గాజే కావాలి: అపర్చర్ పూర్తిగా తెరిచే పని చేయాల్సి వచ్చినప్పుడు కనబడే మెత్తదనం, కోమా, అక్షీయ రంగులు. హుడ్ వేసినా పోని ఫ్లేర్. వెనక నేపథ్యం గజిబిజిగా రావడం.

సాఫ్ట్‌వేర్ సవరణ ఉచితం కాదు, ఫోటోనే కొంత ఖర్చవుతుంది. 6000 × 4000 పిక్సెళ్ల ఫోటోలో కేంద్రం నుంచి మూలకు సుమారు 3600 పిక్సెళ్లు. మూలలో 3 శాతం వంపు అంటే వంద పిక్సెళ్లకు పైగా జరపాలి. బారెల్ దిద్దేటప్పుడు మూలలు బయటికి సాగుతాయి, సాగినచోట లేని పిక్సెళ్లను పక్కవాటి నుంచి ఊహించి నింపుతారు. అందుకే మూలల్లో పదును కొంత తగ్గుతుంది, అంచులు కొంత కోతకు పోతాయి.

నలుపు దిద్దడమూ అంతే. రెండు స్టాపులు లేపడమంటే నాలుగు రెట్లు పెంచడం. ఐఎస్ఓ 100లో తీసిన పగటి ఫోటోలో ఇది తెలియదు. కల్యాణమండపంలో ఐఎస్ఓ 3200లో తీసినదైతే మూలల్లో నాయిస్ (చుక్కల గరుకు) 12800లో తీసినట్టు పైకి తేలుతుంది. రాసుకున్న అంకె ఇక్కడ కావాలి: లోటు ఎక్కువ ఉన్న లెన్స్‌తో రాత్రి పెళ్లిళ్లు తీసేవారికి సాఫ్ట్‌వేర్ చాలదు. అదే లెన్స్ పగలు కైలాసగిరి మీద నుంచి తీరం తీసేవారికి హాయిగా సరిపోతుంది.

5. సాఫ్ట్‌వేర్‌లో వరుస

1) రా ఫైల్ తెరిచి, ఏ ప్రొఫైల్ అమలైందో చూడండి. లైట్‌రూమ్‌లో లెన్స్ కరెక్షన్స్ ప్యానెల్, డార్క్‌టేబుల్‌లో లెన్స్ కరెక్షన్ మాడ్యూల్. కెమెరాతో మాట్లాడని పాత మాన్యువల్ లెన్స్ అయితే పేరు మీరే ఎంచుకోవాలి.

2) పార్శ్వ రంగు అంచులు తీయండి. లైట్‌రూమ్‌లో రిమూవ్ క్రోమాటిక్ ఎబరేషన్ టిక్కు, రాథెరపీలో రా ట్యాబ్‌లోని ఆటో కరెక్షన్.

3) వంపు దిద్దండి. గీతలు లేని చోట, అంటే అలలు, చెట్లు, మనుషులు ఉన్న ఫోటోల్లో, దిద్దకుండా వదిలేస్తే మూలల పదును మిగులుతుంది. చాలామందికి ఈ ఆలోచనే రాదు.

4) నలుపు దిద్దండి. లైట్‌రూమ్‌లో ప్రొఫైల్ స్లయిడర్‌ను 100 నుంచి 50కో 60కో తగ్గించి చూడండి. పోర్ట్రెయిట్‌లో కాస్త నలుపు ఉండటమే బాగుంటుంది.

5) ఇంకా మిగిలిన ఊదా, ఆకుపచ్చ అంచులకు డీఫ్రింజ్ (ఆ రంగులను వెలిసిపోయేలా చేసే సాధనం). ఫోటో మొత్తానికి కాదు, బ్రష్‌తో ఆ చోట మాత్రమే.

6) నిలువు గీతలు, క్రాప్. ఇవి ఎప్పుడూ వంపు దిద్దాకే.

7) నాయిస్, పదును చివర్లో. మూలలను 100 శాతంలో చూస్తూ పెంచండి.

పనోరమా తీసేవాళ్లకు ఒక మినహాయింపు: కలపడానికి ముందు నలుపు తప్పక దిద్దండి, లేకపోతే ఆకాశంలో పట్టీలు కనబడతాయి. వంపు మాత్రం హ్యూగిన్ లాంటి కలిపే సాఫ్ట్‌వేర్ తనే లెక్కగట్టుకుంటుంది.

6. ప్రొఫైల్ దొరకకపోతే

డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ లెన్స్‌ఫన్ అనే ఉచిత జాబితాను వాడతాయి. అందులో లేని లెన్స్‌కు 3.1లో తీసిన సముద్రపు గీత ఫోటోయే ఆధారం. గ్రిడ్ ఆన్ చేసి, గీత సరళమయ్యే వరకు డిస్టార్షన్ స్లయిడర్ జరిపి, ఆ విలువను ప్రీసెట్‌గా దాచుకోండి. ఒక్కో ఫోకల్ లెంగ్త్‌కు (18, 35 లాంటి ఎంఎం అంకెకు) ఒక్కో ప్రీసెట్ కావాలి.

నలుపుకు 3.2లోని మబ్బు ఫోటోనే వాడొచ్చు. రాథెరపీలోను, లైట్‌రూమ్ క్లాసిక్‌లోను ఫ్లాట్ ఫీల్డ్ సదుపాయం ఉంది. అదే లెన్స్, అదే ఫోకల్ లెంగ్త్, అదే అపర్చర్‌లో తీసిన సాదా ఫోటో ఇస్తే మూలల నలుపును దాన్ని బట్టి దిద్దుతుంది. నా లెక్కలో పాత లెన్సులకు ఇంతకు మించిన పద్ధతి లేదు.

7. తరచూ జరిగే పొరపాట్లు, మందులు

రెండుసార్లు దిద్దడం. కెమెరా దిద్దిన జేపెగ్‌కు మళ్లీ ప్రొఫైల్ వేస్తే బారెల్ పోయి పిన్‌కుషన్ వస్తుంది, మూలలు మధ్యకన్నా తెల్లబడతాయి. జేపెగ్‌కు ప్రొఫైల్ వేయకండి. క్రాప్ చేసిన జేపెగ్‌కు అసలే వద్దు, కేంద్రం మారిపోయి ఉంటుంది.

డీఫ్రింజ్‌తో చీర రంగు పోవడం. పెళ్లి ఫోటోల్లో ఇది మామూలైపోయింది. నగల మెరుపు చుట్టూ ఉన్న ఊదా పోవాలని స్లయిడర్ లాగితే, వంగపండు రంగు చీర అంచు బూడిదై కూర్చుంటుంది. పెళ్లికూతురి తరఫు వాళ్లు మిగతావన్నీ క్షమిస్తారు గానీ చీర రంగు మారితే ఊరుకోరు. నగల మీద మాత్రమే బ్రష్ తిప్పండి. తర్వాతి పెళ్లికి ఎఫ్/1.8 బదులు ఎఫ్/2.8లో తీయండి, ఆ పనే తప్పుతుంది.

గ్రూప్ ఫోటోలో అంచున ఉన్నవాళ్లు లావు కావడం. వరుస చివర నిలబడ్డ పెద్దమ్మ ఫోటో చూసి "నేనింత ఉన్నానా!" అంటే తప్పు లెన్స్‌ది కాదు. గీతలను సరళంగా ఉంచే ఏ వైడ్ లెన్స్ అయినా అంచుల్లోని తలలను, భుజాలను పక్కకు సాగదీస్తుంది. వంపు దిద్దితే ఇంకా సాగుతుంది. రెండడుగులు వెనక్కి వెళ్లి 35 ఎంఎంకు పైన తీయండి, వరుసను కొద్దిగా అర్ధచంద్రాకారంలో నిలబెట్టండి. తీసేసిన ఫోటోకైతే వంపు సవరణ ఆపి చూడండి. డీఎక్స్‌ఓ వ్యూపాయింట్‌లో దీనికోసమే ఒక సదుపాయం కూడా ఉంది.

భవనాలు వెనక్కి వాలడం. మధురవాడ అపార్ట్‌మెంట్లను రియల్ ఎస్టేట్ వాళ్లకు తీసిపెట్టేవాళ్ల సమస్య. ఇదీ లెన్స్ లోపం కాదు, కెమెరా పైకెత్తడం వల్ల వచ్చింది. నిలువు గీతలు సాఫ్ట్‌వేర్‌తో లేపొచ్చు, కానీ పై భాగం సాగి, పక్కలు కోతకు పోతాయి. తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలండి. రోజూ ఇదే పనైతే టిల్ట్-షిఫ్ట్ లెన్స్ (కెమెరా పైకెత్తకుండానే ఫ్రేమ్‌ను పైకి జరపగలిగేది) గురించి ఆలోచించొచ్చు.

మసకను షార్పెన్‌తో పోగొట్టాలనుకోవడం. మూలల మెత్తదనానికి షార్పెనింగ్ 100కు లాగితే గ్రిల్ చుట్టూ తెల్ల గీతలు వస్తాయే గానీ కొత్త వివరం రాదు. డీఎక్స్‌ఓ ఫోటోల్యాబ్ లాంటివి ఒక్కో లెన్స్‌ను కొలిచి మూలలకు మాత్రం ఎక్కువ పదును ఇస్తాయి. స్వల్ప మెత్తదనానికి అది పనికొస్తుంది. కోమాకు, డీసెంటరింగ్‌కు కాదు.

రాత్రి ఫిల్టర్ ఉంచడం. ఉప్పు గాలిలో పగలు చవక యూవీ ఫిల్టర్ ఉంటే మంచిదే. రాత్రి బీచ్ రోడ్డు దీపాలు తీసేటప్పుడు అదే ఫిల్టర్ ఆకాశంలో తలకిందుల దీపాలు పుట్టిస్తుంది. తీసి జేబులో పెట్టుకోండి.

8. కొనాలనే తేలితే

☐ ఏ లోపానికి కొంటున్నారో ఒక వాక్యంలో రాయండి. "మండపంలో ఎఫ్/2లో మూలలు పనికొచ్చేలా ఉండాలి" అన్నట్టు. రాయలేకపోతే ఇంకో నెల ఆగండి.
☐ వెడల్పు జూమ్ బదులు స్థిర ఫోకల్ లెంగ్త్ లెన్స్ సరిపోతుందేమో చూడండి. అదే ధరలో తరచూ మంచి పదును ఇస్తుంది.
☐ అక్షీయ రంగుల కోసమైతే లో-డిస్పర్షన్ (రంగులను తక్కువగా విడదీసే) గాజు ఎంత ఉందని కాదు, అపర్చర్ పూర్తిగా తెరిచి తీసిన న్యూస్‌పేపర్ ఫోటో అడగండి. పెట్టె మీది బంగారు అక్షరాలు ఎవరైనా అచ్చేస్తారు.
☐ రెండు రోజులు అద్దెకు తీసుకుని మీ పని మీదే వాడి చూడండి.
☐ సెకండ్ హ్యాండ్ అయితే టార్చి వేసి ఫంగస్ చూడటం, 3.4లోని నాలుగు మూలల పరీక్ష రెండూ అయ్యాకే డబ్బివ్వండి. తీరప్రాంతంలో వాడిన లెన్స్ అయితే ఫోకస్ రింగు గరగరమంటుందా, మౌంట్ స్క్రూలకు తుప్పు పట్టిందా కూడా చూడండి.

కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, పక్కన చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. వానాకాలంలో జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేయండి. బీచ్‌కు తీసుకెళ్లిన లెన్స్‌ను తుడవకుండా ఆ డబ్బాలో పెట్టకండి.